మోత కూలి

హిందూపురం బయట, రైలు గేటు దాటి రెండు మైళ్ళు పోతే ఒక చిన్న నూలు మిల్లు ఉండేది. డెబ్బైల చివర్లో నా మొదటి ఉద్యోగం అక్కడే. పేరుకు టైపిస్టును. తెలుగులో ఉత్తరం రాయాల్సి వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు, చేతిరాత గుండ్రంగా ఉంటుందని. ఆఫీసులో మొత్తం ఆరుగురం. నేను తప్ప అందరూ మగవాళ్ళు. మా ఇల్లు పెనుకొండలో. రోజూ బస్సులో వచ్చిపోవడం కుదరక హిందూపురంలో ఒక ముసలమ్మ ఇంట్లో గది తీసుకొని ఉన్నాను. శనివారం సాయంత్రం ఇంటికి పోయేదాన్ని, సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేదాన్ని.

మధ్యాహ్నం భోజనం బజారులోని ఒక మెస్సు నుంచి క్యారియర్లలో వచ్చేది. నెలాఖరున మెస్సాయన పంపే చీటీలో భోజనం డబ్బుల కింద ఇంకో గీత ఉండేది. మోత కూలి, మనిషికి రెండు రూపాయలు. మిల్లు దూరం కాబట్టి అది న్యాయమేనని ఎవరమూ అడ్డు చెప్పలేదు.

ఆ క్యారియర్లు మోసుకొచ్చేది ఒక ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. పొడుగ్గా, ఎముకల మీద చర్మం అంటుకున్నట్టుగా ఉండేది. తల మీద గుడ్డ చుట్ట, దాని మీద వెదురు గంప, గంపలో ఆరు క్యారియర్లు. కాళ్ళకు చెప్పులు లేవు. పన్నెండున్నరకు వచ్చి, వరండాలో గంప దించి, ఎవరి క్యారియర్ వాళ్ళ బల్ల మీద పెట్టేది. మేము తినేదాకా బయట గోడ నీడన కూర్చొని, ఖాళీ గిన్నెలు సర్దుకొని పోయేది. మాట్లాడటం చాలా తక్కువ.

నేను చేరిన మొదటి నెల ఆఖరున, మెస్సు చీటీ ఆమె చేతనే వచ్చింది. డబ్బులు లెక్కపెట్టి ఆమె చేతికే ఇచ్చాము. కొంగులో మూట కట్టుకుంది. గంప ఎత్తుకోకుండా గుమ్మం దగ్గర అట్లాగే నిలబడింది. నేను పర్సు తెరవబోతుంటే పెద్ద గుమాస్తా నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకాసేపు నిలబడి, గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

"ఏమ్మా, మనము మోత కూలి వేరే కడతాండాము కదా," అన్నాడాయన తర్వాత. "నువ్వు ఈ పొద్దు అర్ధ రూపాయి ఇస్తే రేపటి నుంచి అందరమూ ఇయ్యాల. అలవాటు చేసినామంటే మానిపించేకి కాదు."

ఆయన మంచివాడే. బిడ్డల ఫీజులకు అప్పు అడిగితే కాదనేవాడు కాదు. మాట కూడా సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. నా జీతంలో ముప్పాతిక ఇంటికే పోయేది. ఆ రోజు నుంచి మా ఆఫీసులో అది ఒక కట్టుబాటయింది. ఎవరూ ఏమీ ఇవ్వకూడదు. ప్రతి నెలాఖరునా ఆమె నిలబడేది. ఆ కాస్త సేపూ మేము ఆరుగురమూ కాగితాల్లోకి తల దించేవాళ్ళం.

ఒక ఆదివారం ఈ సంగతి మా నాయనతో అన్నాను. నాయన వయసులో ఉన్నప్పుడు ధర్మవరం స్టేషన్లో భోజనాల పని చేశాడు. రైలు ఆగిన పది నిమిషాల్లో పెట్టె పెట్టెకూ అన్నం పళ్ళేలు అందించి, మళ్ళీ ఖాళీవి పట్టుకొని దిగేవాడు. నడుము పట్టేసిన తర్వాత ఆ పని మాని పెనుకొండలో చిన్న అంగడి పెట్టుకున్నాడు.

"నిలబడతాదా?" అని అడిగాడు.

"నిలబడతాది. అడగదు."

"అడగము. నిలబడతాము, అంతే," అన్నాడు నాయన. ఆమె గురించి మాట్లాడుతున్నాడో, తన గురించో అర్థం కాలేదు. "ఆ రెండు రూపాయలు ఆమె చేతికి పోతాండాయా లేదా, ఎవరన్నా అడిగినారా?"

"మోత కూలి అని రాసుండాది కదా నాయనా. మోసేది ఆమే కదా."

"రాసుండేది సరే. అడిగినారా అంటాండా."

లేదన్నాను. నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను సోమవారం బస్సెక్కి హిందూపురం పోయాను, అడగలేదు. అడగడానికి ఏముంది, ఒక నిమిషం పని. కానీ అడిగితే, ఆమె చెప్పేది విన్న తర్వాత ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు గానీ, అడగకపోవడానికి కారణం అదే.

ఎనిమిది నెలలు అట్లా గడిచాయి. ఎండలు ముదిరే రోజుల్లో పెద్ద గుమాస్తా ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీసి, తినకుండా దాని వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఈడ చూడండప్పా," అన్నాడు.

అందరం లేచి వెళ్ళి చూశాము. అన్నం పైకి చదునుగానే ఉంది. కానీ ఒక పక్కన కాస్త పల్లం. ఆ పల్లాన్ని తడిచేత్తో సర్దినట్టు మెతుకులు అణిగి ఉన్నాయి. ఎవరి గిన్నెలు వాళ్ళం తెరిచాము. ఆరింటిలోనూ అదే. ఒక్కొక్క దాంట్లో ఒక్క పిడికెడు. అంతకు మించి లేదు. ఎన్నాళ్ళుగా జరుగుతోందో చెప్పలేము, ఎవరమూ అంత పట్టి చూడలేదు.

ఆమె బయట గోడ నీడన కూర్చొని ఉంది. పిలిచి అడగొచ్చు. ఒకాయన పిలవబోయాడు కూడా. పెద్ద గుమాస్తా వద్దన్నాడు. "ఆడమనిషితో మనకెందుకు రచ్చ. మెస్సాయనకు కాగితం రాద్దాం. ఆయనే చూసుకుంటాడు."

కాగితం రాయడం నా పని. మిల్లు పేరు అచ్చువేసిన కాగితం తీసుకున్నాను. దారిలో అన్నం దొంగతనం జరుగుతోందని రాయమన్నాడాయన. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పిడికెడు అన్నానికి దొంగతనమా అనిపించింది. ఇంకేదైనా మెత్తని మాట కోసం కాసేపు ఆలోచించాను. చివరికి ఇట్లా రాశాను: "మా భోజనము మార్గమధ్యమున ఎంగిలి చేయబడుతున్నదని అనుమానముగా నున్నది. తగు చర్య తీసుకొనగలరు."

పెద్ద గుమాస్తా చదివి, "బాగుండాది. మర్యాదగా ఉండాది," అని సంతకం చేసి, పైన మిల్లు ముద్ర వేశాడు. మర్యాదగా రాశానని నేనూ అనుకున్నాను. ఆ కాగితాన్ని మడిచి, ఖాళీ గిన్నెలతో పాటు ఆమె చేతికే ఇచ్చాము. ఆమెకు చదువు రాదు.

మర్నాడు ఆమె రాలేదు. సైకిల్ మీద ఒక మగమనిషి వచ్చాడు. మెస్సు దగ్గర ఏం జరిగిందో రెండు మూడు రోజుల్లో తెలిసింది. మెస్సాయన ఆ కాగితాన్ని భోజనాల వేళ పదిమంది ముందర గట్టిగా చదివాడట. గిన్నెలో చేయిపెట్టి తిని, ఆ ఎంగిలి మందికి పెట్టిందని అరిచాడట. గంప వీధిలోకి విసిరేశాడట. ఆ వీధిలో ఆమె ఇంకో రెండు ఇళ్ళలో అంట్లు తోమేది. వాళ్ళూ ఆ పొద్దే మాన్పించారు. అన్నం పిడికెడు తీసిందంటే తిట్టి ఊరుకునేవాళ్ళేమో. ఎంగిలి అనేసరికి ఇక ఏ వంటింటి గడపా ఆమెను తొక్కనివ్వలేదు.

కొత్తగా వచ్చినతను నోరున్న మనిషి. నెలాఖరున చీటీ డబ్బులు తీసుకొని జేబులో పెట్టుకొని, గుమ్మంలో కాదు, సరిగ్గా పెద్ద గుమాస్తా బల్ల ముందర నిలబడ్డాడు.

"సార్, మా దుడ్లు?"

"ఇప్పుడే ఇస్తిమి కదప్పా, మోత కూలితో సహా."

"అది మెస్సాయనది సార్. గిన్నెలకు, గంపకు, సైకిలుకు అని ఆయనే పట్టుకుంటాడు. నీ కూలి మిల్లోళ్ళు ఇస్తారు, వాళ్ళనే అడుక్కోపో అని చెప్పి పనిలో పెట్టుకున్నాడు. ఎండలో నేను ఊరికే తొక్కేకి ఇది మా మామ మిల్లా?"

ఎవరో నవ్వారు. పెద్ద గుమాస్తా కూడా నవ్వి రూపాయి తీసి ఇచ్చాడు. అందరూ తలా ఒక రూపాయి ఇచ్చారు. నేనూ ఇచ్చాను. గట్టిగా అడిగిన మనిషికి ఇవ్వడం అంత సులభమని నాకు అప్పటిదాకా తెలియదు.

అతను సైకిలు తీస్తుంటే వెనకే పోయి అడిగాను. "ముందర వస్తాండె ఆమెకూ ఇదే మాట చెప్పినాడా మెస్సాయన?"

"అందరికీ అదే మాటమ్మా. ఆయమ్మకు పొద్దున ఏదన్నా మిగిలిండేది పెడతా ఉన్నాడు, మళ్ళా రేత్రికి ఇంత చారన్నం. మధ్యాన్నం మోసే పొద్దులో తినేకి ఏమీ లేదు."

నేను ఆమె కూలి ఆయన ఇస్తున్నాడనుకున్నాను. ఆయన మేము ఇస్తామని ఆమెకు చెప్పాడు. మధ్యలో ఎనిమిది నెలలు ఆమె ఆరుగురి అన్నం తల మీద పెట్టుకొని, ఖాళీ కడుపుతో రెండు మైళ్ళు పోను, రెండు మైళ్ళు రాను నడిచింది.

ఆ సాయంత్రం ఆమె ఉండే చోటు వెతుక్కుంటూ పోయాను. రైస్ మిల్లు వెనక గుడిసెల్లో అని చెప్పారు. అక్కడ గుడిసె తడిక మూసి ఉంది. పక్కింటామె చెప్పింది, మొగుడు చాలాకాలంగా దగ్గుతో పనికి పోలేకున్నాడని, హిందూపురంలో పని పుట్టక అతన్ని తీసుకొని అతని అన్న దగ్గరికి పోయిందని. ఆ అన్న ఉండేది పెనుకొండలో, కొండ కింద వీధిలో. మా ఇంటికి పావుగంట నడక.

శనివారం ఇంటికి పోయి నాయనకు చెప్పాను. కాగితం సంగతి చెప్పాను గానీ, అందులో ఏ మాట ఉందో చెప్పలేదు. నాయన చొక్కా వేసుకొని, "పా, పోదాం," అన్నాడు.

ఆ అన్న ఇంటి గోడకు ఆనించి వేసిన చిన్న గుడిసె అది. లోపల నులకమంచం మీద ఆమె మొగుడు ఒక పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆమె బయట రాయి మీద ఏదో నూరుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. చేయి కొంగుకు తుడుచుకుంది.

"మళ్ళా గిన్నెల్లో ఏమన్నా తగ్గిందామ్మా?" అంది.

వెటకారం కాదు. నిజంగానే భయపడి అడిగింది. ఇక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చానంటే ఇంకేదో నింద మోపడానికే అనుకుంది. నాయనే మాట్లాడాడు.

"లేదమ్మా. ఊరికే చూసేకి వస్తిమి. మేము ఈ ఊరోళ్ళమే."

కూర్చోమని ఒక గోనెపట్ట పరిచింది. కాసేపటికి తనే చెప్పింది, ఎవరూ అడగకుండానే. "తీసింది నిజమే. లేదని నేను అనను. దారిలో రైస్ మిల్లు కాడ బోరింగు ఉండాది. ఆడ చేయి కడుక్కొని, మూత తీసి, ఒక్కొక్క దాంట్లో పిడికెడు తీసి ఈయప్పకు పెడతా ఉంటి. ఆడనే నీడన కూర్చోని ఉంటా ఉండె. నా నోట్లో ఒక్క మెతుకు ఏసుకోలేదు. ఆ చేయి నా నోటికి తగలలేదు. దొంగ అని రాసింటే ఊ అందును. ఎంగిలి అని రాసినారు. అది మాత్రం అబద్ధం."

మంచం మీద అతను దగ్గడం మొదలుపెట్టాడు. ఆమె లోపలికి పోయి అతన్ని లేపి కూర్చోబెట్టి వీపు రుద్దింది. నేను తీసుకొచ్చిన పది రూపాయల నోటు నా గుప్పిట్లోనే చెమటకు తడిసిపోయింది. చివరికి దాన్ని రాయి పక్కన పెట్టాను. ఆమె చూసింది. వద్దనలేదు, తీసుకోనూ లేదు. మేము వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే నోటు అక్కడ లేదు.

దారిలో నాయన అడిగాడు. "ఆ మాట రాసింది ఎవరు?"

"నేనే."

నాయన ఆ రోజు అన్నం కలుపుకొని, రెండు ముద్దలు తిని లేచి చేయి కడుక్కున్నాడు. మా అమ్మ ఒంట్లో బాగలేదా అని అడిగితే కాదన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్న మూడు గిన్నెల క్యారియర్ కడిగి, అన్నం, పప్పు, మజ్జిగ పోయించుకొని, తనే తీసుకొని నడిచి వెళ్ళాడు. నడుము నొప్పి మనిషి. అంగడి మూసి, కొండ కిందిదాకా పోయి వచ్చేవాడు. నేను హిందూపురంలో ఉన్న రోజుల్లో కూడా తప్పలేదని మా అమ్మ చెప్పింది. ఇరవై రోజులు అట్లా చేశాడు. ఆ తర్వాత అవసరం లేకపోయింది. ఆమె మొగుడు ఒక తెల్లవారుజామున చనిపోయాడు. చివరి వారం అతను మజ్జిగ కూడా మింగలేదట.

ఈలోగా నేను చేయగలిగింది ఏదో చేద్దామని చూశాను. ఎంగిలి అని రాసింది పొరపాటని ఇంకో కాగితం రాస్తాను, సంతకం పెట్టమని పెద్ద గుమాస్తాను అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆమె తీసిన మాట నిజమా కాదా?"

"నిజమే సార్."

"మరింకేంది? ఇప్పుడు తప్పు రాస్తిమి అని రాసిస్తే మన మాటకు విలువ ఉంటాదా? నువ్వు చిన్నపిల్లవి, మనసుకు పట్టించుకుంటాండావు. వదిలేయమ్మా."

నేనే రాసి, నా ఒక్కదాని సంతకంతో మెస్సుకు తీసుకుపోయాను. దాని మీద మిల్లు ముద్ర లేదు. మెస్సాయన చదివి, గల్లా పెట్టె మీద పెట్టి, దాని మీద అగ్గిపెట్టె పెట్టాడు. "ఇప్పుడు వస్తాండేవాడు బాగా తెస్తాండాడు కదమ్మా? ఇంగేమి?" అన్నాడు. మోత కూలి సంగతి అడిగాను. "అది నా ఖర్చు. గిన్నెలు సొట్టలు పోతే మీరిస్తారా?" అన్నాడు. పదిమంది ముందర ఆ రెండో కాగితం చదవమని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. మరుసటి నెల నుంచి క్యారియర్ మాన్పించి, గదిలోనే వండుకొని పోయేదాన్ని. మిగిలిన ఐదుగురూ మోత కూలి రెండు రూపాయలూ కట్టారు, సైకిలతనికి రూపాయీ ఇచ్చారు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ అట్లాగే నడిచింది.

మొగుడు పోయిన తర్వాత ఆమెకు ధర్మవరంలో పని చూడాలనుకున్నాడు నాయన. స్టేషన్ దగ్గర హోటలులో ఆయనకు తెలిసినవాళ్ళు ఉన్నారు. గిన్నెలు కడిగే పని ఇస్తామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "అన్నం ఉండే చోట నేను పని చెయ్యనప్పా," అందట. పట్టునూలు ఉడకబెట్టి రంగు వేసే షెడ్డు ఒకటి ఉంటే, అందులో చేరింది. అంతవరకే నాకు తెలుసు.

ఎనభైల మధ్యలో నాయన చనిపోయాడు. అప్పటికి నాకు పెళ్ళయి, మిల్లు మాని, హిందూపురంలోనే ఒక బడిలో పనిచేస్తున్నాను. ఆ మరుసటి ఏడు ఆడబిడ్డ కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం పోయాను. మాతో వచ్చిన వాళ్ళు అంగట్లో బేరం చేస్తుంటే, నేను ఆ రంగు షెడ్లు ఉండే వీధి కనుక్కొని పోయాను. మూడో షెడ్డులో ఉంది. ఉడుకుతున్న రాగి గంగాళంలో కర్రకు వేలాడదీసిన నూలు చిలపల్ని, ఆ పోగుల చుట్టల్ని, తిప్పుతోంది. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. సబ్బు, సోడా నీళ్ళకు గోళ్ళు కరిగిపోయి, వేళ్ళ చివర్లు మొద్దుబారి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

ఈసారి ముందే చెప్పాలనుకున్నాను. "ఆ కాగితంలో ఆ మాట రాసింది నేనే," అన్నాను.

"తెలుసు," అంది, కర్ర తిప్పడం ఆపకుండా. "మీ నాయన చెప్పినాడు. అన్నం తెచ్చిన రెండో దినమే. నా బిడ్డ రాసింది, ఇది తెలిసి తింటావో తినవో నీ ఇష్టం అని గిన్నె ఆడ పెట్టి, ఎడంగా పోయి కూర్చున్నాడు."

"మరి?"

"మా ఆయప్పకు ఆకలి అయితాండె. పెట్టినా." చిలపల్ని ఇంకో పక్కకు తిప్పింది. "నేనూ తింటి."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. తిట్టలేదు. పోనీలే అనీ అనలేదు. మీ నాయన బాగుండాడా అని అడిగింది. పోయిన ఏడు చనిపోయాడని చెప్పాను. ఆమె కర్ర పట్టుకొని ఒక్క క్షణం ఆగింది. ఆవిరికి ముఖమంతా తడిసి ఉంది, కన్నీళ్ళో ఏమో నాకు తెలియలేదు. "నడుము పట్టుకోని నడుస్తా వస్తా ఉండె పాపం," అంది. అంతలో లోపలి నుంచి ఎవరో కేకేశారు, రంగు ముదురుతోందని. ఆమె నూలు ఎత్తి చన్నీళ్ళ తొట్టిలోకి మార్చడం మొదలుపెట్టింది. ఒక్కతే ఎత్తుతోంది. బరువుకు మెడ నరాలు తేలాయి. నేను ఇంకో కొస పట్టుకోబోతే, "వద్దమ్మా, చీరకు రంగు అంటుతాది. పోదు," అంది.

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. అంగట్లో మా వాళ్ళు నాకోసం వెతుకుతున్నారు. ఎక్కడికి పోయావని మా ఆడబిడ్డ అడిగింది. తెలిసినవాళ్ళు కనబడ్డారని చెప్పాను.